సగంలో వదిలేసిన పుస్తకాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బడి లైబ్రరీకి పుస్తకాలు ఇస్తున్నాం కదా, పుస్తక పఠనం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడవయ్యా" అన్నారు. పుస్తకాలు చదివితే ఎంత మేలో చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళకు తాగునీళ్ళు తెచ్చే పనిలో ఉన్నాను. నా బతుకులో ఎక్కువ రోజులు బోరు బండి పక్కన దుమ్ములో నిలబడి గడిచాయి. అందుకని పెద్ద విషయం జోలికి పోకుండా చిన్నదొకటి ఎంచుకున్నాను. మొదలుపెట్టిన పుస్తకం మనకు నచ్చడం లేదు. ముందుకు సాగడం లేదు. దాన్ని ఎప్పుడు వదిలేయాలి?

ఈ ప్రశ్న మన బళ్ళో అడగటం కొంచెం సాహసమే. ఎందుకంటే ఈ బళ్ళోనే మా తెలుగు మాస్టారు ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాలు కంఠతా పట్టించారు. అందులో మనుషుల్ని మూడు రకాలుగా విడదీసే పద్యం ఇక్కడున్న వాళ్ళందరికీ వచ్చే ఉంటుంది. ఆటంకాలు వస్తాయేమోనన్న భయంతో పని మొదలే పెట్టనివాళ్ళు అధములు. మొదలుపెట్టి, ఆటంకం రాగానే మధ్యలో వదిలేసేవాళ్ళు మధ్యములు. ఎన్ని అడ్డంకులొచ్చినా చివరిదాకా పట్టు విడవనివాళ్ళు ఉత్తములు. ఆ పద్యం చెప్పి మాస్టారు మా వైపు చూసేవారు. మేమంతా ఎందుకొచ్చిన గొడవలే అని ఉత్తముల్లో చేరిపోయేవాళ్ళం.

పద్యం మంచిది. నా ఉద్యోగంలో అది నాకు చాలాసార్లు పనికొచ్చింది. అయితే ఆ పద్యాన్ని నవలలకూ కథల పుస్తకాలకూ వర్తింపజేస్తే ఒక చిత్రం జరుగుతుంది. మధ్యలో వదిలితే మధ్యముడివి అవుతావని భయపెట్టినవాడు క్రమంగా ఏమవుతాడంటే, అసలు మొదలే పెట్టడు. అంటే మనం వాణ్ణి ఉత్తముణ్ణి చేయబోయి ఒక మెట్టు కిందికి దింపుతాం. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. నా స్నేహితుల్లో సగం మంది ఇలాగే చదవడం మానేశారు. "ఏం చదువుతున్నావురా?" అంటే ఒక పుస్తకం పేరు చెబుతారు. మూడేళ్ళ తర్వాత అడిగినా అదే పుస్తకం పేరు. అది పూర్తి చేయలేరు. అది పూర్తి కాకుండా ఇంకోటి పట్టుకుంటే తప్పు చేసినట్టుంటుంది. టీపాయ్ మీద ఆ పుస్తకం, దాని మీద ఆ రోజు పేపరు, పేపరు మీద సెల్ ఫోను. చివరికి చేతికందేది సెల్ ఫోనే.

మన చిన్నప్పుడు ఈ చిక్కు అంతగా ఉండేది కాదు. ఎందుకంటే అప్పుడు పుస్తకం మన ఇంట్లో ఉండిపోయేది కాదు. సందు చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది, గుర్తుందా? రోజుకు పావలా. నచ్చని నవలను ఇంట్లో ఉంచుకుంటే రేపు ఇంకో పావలా. అందుకని నచ్చనిది సాయంత్రానికల్లా షాపుకు చేరేది. వారపత్రికల్లో సీరియల్ అయితే ఇంకా నయం. వారం వారం మనమే తీర్పు చెప్పేవాళ్ళం. మా అమ్మ సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. ఆమె కుట్టిన వాటిలో ఆరు వారాలకే ఆగిపోయిన సీరియళ్ళూ ఉండేవి. పత్రిక ఆపింది కాదు, అమ్మే ఆపింది. "ఇది సాగదీస్తున్నాడే" అని ఒక్క మాట అనేది. అంతే, మర్నాటి నుంచి ఆ కాగితాలు పప్పు డబ్బాల అడుగున పరిచేది. అయిదో తరగతి చదివిన అమ్మకు ఆ విషయంలో ఏ మొహమాటమూ లేదు. మొహమాటమంతా చదువుకున్నవాళ్ళది.

డబ్బు పెట్టి కొన్న పుస్తకం దగ్గర ఆ మొహమాటం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ నా వృత్తి గురించి కొంచెం చెప్పాలి.

మన ప్రాంతంలో నేల కింద ఉన్నది చాలావరకు గ్రానైటు లాంటి గట్టి రాయి. పైన కొంత మెత్తబడిన పొర, దాని కింద రాయి, ఆ రాతిలో అక్కడక్కడా పగుళ్ళు. నీళ్ళుండేది ఆ పగుళ్ళలోనే. బోరు బండి వస్తుంది, చాలాసార్లు తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బండే అయి ఉంటుంది. మెత్తటి పొర దాటేదాకా కేసింగ్ పైపు దించుతారు. ఆ తర్వాత హ్యామర్ రాయిని పొడి చేస్తూ పోతుంది, కంప్రెసర్ గాలి ఆ పొడిని పైకి ఎగజిమ్ముతుంది. ఒక్కో రాడ్డు దిగుతూ ఉంటుంది. రైతు ఓ పక్క టవలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటాడు.

అనుభవం ఉన్నవాడు ఆ సమయంలో చూసేది లోతు కాదు, పొడి. పొడి రంగు మారుతోందా? బూడిద రంగులో మధ్య మధ్య గోధుమ రంగు రాతిముక్కలు పడుతున్నాయా? అలా పడితే అక్కడ పగులు ఉందన్నమాట, నీళ్ళు ఎప్పుడో ఆ రాతిని తాకాయన్నమాట. పొడి చేతికి చెమ్మగా తగులుతోందా? ఇలాంటి గుర్తులు కనబడుతుంటే నీళ్ళు ఇంకా పడకపోయినా దిగొచ్చు. అలా కాకుండా వందల అడుగులుగా ఒకే రంగు పొడి, తెల్లగా, పొడిపొడిగా, సున్నంలా వస్తోందంటే అది పగులు లేని రాయి. అలాంటి రాతిలో లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు సాధారణంగా తగ్గుతాయే గాని పెరగవు. లోతుకు పోతే గంగ ఉంటుందన్నది మన నమ్మకం. రాయికి ఆ నమ్మకంతో పని లేదు.

కానీ ఆ సమయంలో రైతు నోట వచ్చే మాట ఎప్పుడూ ఒకటే. "ఇంత దూరం వచ్చాం కదా సార్, ఇంకో రెండు రాడ్లు దించండి." ఆయన లెక్క వేసేది ఇకముందు నీళ్ళు పడే అవకాశం ఎంత అని కాదు, ఇప్పటిదాకా పోసిన డబ్బెంత అని. పోసిన డబ్బు రాతిలోకి పోయింది. ఆపినా అది రాదు, ఇంకా దించినా రాదు. పైగా లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె అన్నట్టు అప్పు మీద అప్పయిన కుటుంబాలను నేను చూశాను. అక్కడ జరిగే నష్టంతో పోలిస్తే పుస్తకం సంగతి ఎంత? కానీ మనసు పనిచేసే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే. రెండు వందల పేజీలు చదివాను కదా, మిగతా రెండు వందలూ చదివేస్తే పోలా? పుస్తకం విషయంలో కూడా ఆ పనికి మనం పెట్టుకున్న పేరు బోరే, చూశారా!

దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు 1985లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో ఒక యూనివర్సిటీ నాటకశాలలో ఏడాది మొత్తానికి టికెట్లు కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకే ఇచ్చారు, కొందరికి తగ్గించి ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది చీటీ తీసినట్టే. నాటకాలు అవే, కుర్చీలు అవే. అయినా పూర్తి ధర పెట్టినవాళ్ళు మొదటి ఆరు నెలల్లో ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. మనలో ప్రతి ఒక్కరూ వాళ్ళలాంటివాళ్ళమే. పుస్తక ప్రదర్శనలో అయిదొందలు పెట్టి కొన్న లావుపాటి పుస్తకాన్ని వదలలేం. అదే పుస్తకం లైబ్రరీలో దొరికి ఉంటే నలభయ్యో పేజీలో ఇచ్చేసి ఉండేవాళ్ళం.

మనం ఒక్కరమే ఇలా సగంలో ఆగిపోతున్నామని అనుకోనక్కర్లేదు. స్టీఫెన్ హాకింగ్ కాలం కథ గురించి రాసిన పుస్తకం 1988లో వచ్చింది. ప్రపంచమంతా కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణితం ప్రొఫెసరు 2014లో ఓ సరదా లెక్క వేశాడు. కిండిల్‌లో చదివేవాళ్ళు నచ్చిన వాక్యాల కింద గీతలు గీసుకుంటారు. ఎక్కువమంది గీత గీసిన అయిదు చోట్లూ ఏ పేజీల్లో ఉన్నాయో చూసి, వాటి సగటు పుస్తకంలో ఎంతో శాతం దగ్గర పడుతుందో కట్టాడు. చివరిదాకా చదివిన పుస్తకమైతే గీతలు అంతటా ఉండాలి కదా. హాకింగ్ పుస్తకానికి వచ్చింది 6.6 శాతం. ఆ ఏడాదే పేరు మోగిపోయిన థామస్ పికెటీ ఆర్థికశాస్త్రం పుస్తకానికి 2.4 శాతం. ఇది శాస్త్రీయమైన కొలత కాదని ఆయనే చెప్పాడనుకోండి. అయినా లెక్కల మాస్టారి అల్లరి నాకు నచ్చింది.

మరి ఎన్ని పేజీలు చదివి చూడాలి? దీనికి అమెరికాలో సియాటిల్ లైబ్రరీలో పనిచేసిన నాన్సీ పెర్ల్ గారు ఓ సూత్రం చెప్పారు. యాభై ఏళ్ళ లోపువాళ్ళు యాభై పేజీలు చదవాలి. అప్పటికీ పట్టు దొరక్కపోతే మూసేయొచ్చు. యాభై దాటినవాళ్ళు వంద లోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. అంటే ఇప్పుడు నాకు యాభై ఆరు, నేను నలభై నాలుగు పేజీలు చదవాలి. ముందు వరసలో కూర్చున్న మా లెక్కల మాస్టారికి ఎనభై రెండు, వారు పద్దెనిమిది పేజీలతో సరిపెట్టవచ్చు. నూరేళ్ళు నిండినవారు అట్ట చూసి తేల్చేయొచ్చు. మాస్టారు నవ్వుతున్నారు గాని, ఇందులో లెక్క ఉంది సార్. మిగిలిన కాలం తగ్గేకొద్దీ ఒక్కో పేజీ ఖరీదు పెరుగుతుంది.

ఇంజనీరుగా నాకు సూత్రాలంటే ఇష్టమే. కానీ ఈ సూత్రం నేను వాడను. కారణం, బోరు దగ్గర చెప్పిందే. అడుగులు లెక్కపెట్టి ఆపేవాడు తొందరపడొచ్చు, ఆలస్యమూ చేయొచ్చు. చూడాల్సింది పొడిని. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అన్నానికి అది నిజం, ఎందుకంటే కుండలో మెతుకులన్నీ ఒక్క మంట మీదే ఉడుకుతాయి. పుస్తకం అలా కాదు. మొదటి పేజీలు గట్టిగా ఉండి తర్వాత మెత్తబడేవి ఉన్నాయి. మొదటి అధ్యాయం ఘుమఘుమలాడి ఆ తర్వాత ఏమీ లేనివి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి.

పుస్తకంలో పొడి రంగు మారడం అంటే ఏమిటి? నా మటుకు నాకు రెండు గుర్తులున్నాయి. పుస్తకం మూసి వేరే పని చేసుకుంటున్నప్పుడు అందులో మనిషి గాని, మాట గాని తనంత తానుగా గుర్తొస్తే అది ఇంకా పారుతున్నట్టే, ఎంత కష్టంగా ఉన్నా వదలను. రెండోది, పుస్తకం మీద కోపం వస్తే వదలను. విసుగు వేరు, కోపం వేరు. రచయితతో మనసులో పోట్లాడుతున్నామంటే ఆయన మన దాకా వచ్చాడనే అర్థం. ఏమీ గుర్తు రాకుండా, కోపం కూడా రాకుండా, ఒకే పేరాను మూడుసార్లు చదువుతూ పక్క గదిలో టీవీలో ఏం చెబుతున్నారో వింటున్నామంటే, అది తెల్ల పొడి.

ఒక్కోసారి అడ్డం పుస్తకంలో ఉండదు, చిన్న సాంకేతిక ఇబ్బంది ఉంటుంది. రష్యన్ నవలలు చాలామంది వదిలేసేది పేర్ల దగ్గర. టాల్‌స్టాయ్ యుద్ధము, శాంతి నవలలో అయిదు వందలకు పైగా పాత్రలున్నాయి. ఒక్కొక్కరికీ ఇంటి పేరు, తండ్రి పేరు, ముద్దు పేరు. ఒకే మనిషి మూడు పేర్లతో వస్తుంటే ముగ్గురనుకుని తికమక పడతాం. విశాలాంధ్ర వాళ్ళ వ్యాను మన ఊరొచ్చినప్పుడు కొన్న రష్యన్ పుస్తకాలకు నేను చేసిన పని, ఓ తెల్ల కాగితం మీద వంశవృక్షంలాగా పేర్లు రాసి పెట్టుకోవడం. పది నిమిషాల పని. ఆ కాగితం లేకపోతే ఆ పుస్తకాలు నాకు లేవు. అలాగే సన్న అక్షరాలు. నలభై దాటాక కొందరు నవలలు బాగుండటం లేదంటారు. ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమని నా సలహా.

ఒకే పుస్తకం ఇద్దరికి ఎలా ఉంటుందో కూడా చెబుతాను. నవీన్ గారి అంపశయ్య 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివే రవి అనే విద్యార్థి ఒక్క రోజు జీవితం, అతని తలలో తిరిగే ఆలోచనలన్నీ అలాగే. ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ అది పది పేజీలు చదివి, "ఇందులో ఏమీ జరగదురా" అని నా మంచం మీదికి విసిరాడు. నేను తెల్లవారేదాకా చదివాను. వాడికి ఇంటి నుంచి నెల నెలా సరిగ్గా మనియార్డరు వచ్చేది. నాకు రాదు. జేబులో డబ్బులు లేని కుర్రాడి తలలో ఏం జరుగుతుందో నాకు తెలుసు, వాడికి తెలియదు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. వాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

ఒక మనిషికే రెండు వయసుల్లో రెండు రకాలుగా ఉండొచ్చు. ఇంటర్ సెలవుల్లో శాఖా గ్రంథాలయం నుంచి విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు తెచ్చాను. దాదాపు వెయ్యి పేజీల పుస్తకం. సుబ్బన్నపేట పుట్టుక, పాము, పుట్ట, గుడి, ఆ వాక్యాలు, ఆ పేరాలు. వంద పేజీలు దాటాక తిరిగి ఇచ్చేశాను. పదిహేడేళ్ళవాడికి ఒక ఊరి వ్యవస్థ కూలిపోవడం అనేది అర్థమయ్యే సంగతి కాదు. ఊరంటే వాడికి తప్పించుకుని పోవాల్సిన చోటు. ఆ రోజు ఇచ్చేయడం సరైన పనే, ఇవ్వకుండా పట్టుకు వేలాడి ఉంటే ఆ పుస్తకం మీద జన్మంతా అసహ్యం మిగిలేది.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత, బదిలీ మీద ఒంటరిగా ఓ గదిలో ఉన్నప్పుడు మళ్ళీ పట్టుకున్నాను. ఈలోగా నేను చూసినవి చాలా ఉన్నాయి. చెరువు ఎండి, దాని కింది ఆయకట్టు పోయి, ఆయకట్టుతో పాటు తిరునాళ్ళ పోయిన ఊళ్ళు. బోరు పాయింటు చూడటానికి వెళ్తే గుడి మండపంలో ముసలివాళ్ళు తప్ప మనిషి కనబడని ఊళ్ళు. ఈసారి ధర్మారావు నాకు పరిచయస్థుడిలా అనిపించాడు. పసిరిక అనే పిల్లవాడు చేలో తిరుగుతుంటే వాడి వెంట నడిచాను. విశ్వనాథ వారు చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. ఊరు కూలడానికి ఆయన చూపే కారణాలు వేరు, నా కళ్ళతో చూసిన కారణాలు వేరు. కొన్ని రాత్రులు పుస్తకం బోర్లించి గదిలో పచార్లు చేశాను. అందుకే ముగించగలిగాను కూడా.

అప్పట్లో నేను పుస్తకాన్ని వదిలేశాననే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే వాయిదా వేశాను. ఏది వదిలేయడమో, ఏది వాయిదానో ఆ రోజున ఎవరికీ తెలియదు.

ఈ విషయంలో నాకు అసలు గురువు మా నాన్న. ఆయన పోస్టాఫీసులో గుమస్తాగా చేశారు. పుస్తకం మొదలుపెడితే ముగించకుండా ఉండేవారు కాదు. ముగించిన రోజు తేదీని చివరి పేజీలో పెన్సిలుతో వేసేవారు, పోస్టు ముద్ర వేసినంత శ్రద్ధగా. ఆయన బీరువాలో తేదీ లేని పుస్తకం ఉండేది కాదు. చివరి రెండేళ్ళు చూపు పూర్తిగా మందగించింది. శని, ఆదివారాలు నేను ఇంటికి వెళ్ళినప్పుడు సాయంత్రాలు చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి పేరున్న పెద్దమనిషి ఆత్మకథ ఒకటి మొదలుపెట్టాం. మూడో సాయంత్రం, ఆ పెద్దమనిషి తనకు జరిగిన నాలుగో సన్మానం గురించి చెబుతుండగా నాన్న చెయ్యెత్తారు. "చాల్లేరా. ఈయన సంగతి తెలిసిపోయింది. ఇంకోటి తియ్యి" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. డెబ్బై ఏళ్ళ అలవాటు ఆయన అంత సులువుగా ఎలా పక్కన పెట్టారో! "ముగించొద్దా నాన్నా?" అన్నాను. "నువ్వు వచ్చేది వారానికి రెండు సాయంత్రాలు. అవి ఈయనకెందుకు ఇవ్వాలి?" అన్నారు. తర్వాత కాసేపాగి, "పెన్సిలు ఉందా? మనం ఆపిన చోట తేదీ వెయ్యి" అన్నారు.

ఆ రెండేళ్ళలో మేం చాలా పుస్తకాలు మొదలుపెట్టాం. ముగించినవి నాలుగు. మిగతా వాటిలో మధ్య పేజీల్లో నా చేతిరాతతో తేదీలున్నాయి. ముగించిన నాలుగింటిలో ఒకదాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. చూపున్న రోజుల్లో ఆయన ఏ పుస్తకాన్నీ రెండోసారి చదవగా నేను చూడలేదు. రెండోసారికి టైము ఎక్కడిది, క్యూలో ఇంకోటి ఉండేది కదా.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. మన సంఘం తరఫున ఇచ్చే పుస్తకాల పెట్టెలు స్టాఫ్ రూములో ఉన్నాయి. పోయిన నెల వాటికి చోటు చూడ్డానికి వచ్చినప్పుడు లైబ్రరీ రిజిస్టరు తిరగేశాను. జూన్, జూలై పేజీలు పిల్లల పేర్లతో కళకళలాడుతున్నాయి. సెప్టెంబరు నాటికి పలచబడ్డాయి. సంక్రాంతి తర్వాత పేజీల్లో రోజూ వచ్చే కొద్దిమంది పేర్లే ఉన్నాయి. ఏడో తరగతి పాప ఒకమ్మాయిని అడిగితే కారణం చెప్పింది. తీసుకున్న పుస్తకం మొత్తం చదివి, ఒక పేజీ సారాంశం రాసి చూపిస్తేనే తర్వాతి పుస్తకం ఇస్తారట. ఆ పాప జూలైలో తీసుకున్న పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంది. "కథ బాగా లేదు సార్, సారాంశం రాయలేదు" అంది.

ఈ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. పిల్లలు పుస్తకం ఊరికే తిప్పి ఇచ్చేయకూడదని పెట్టారు. అయ్యా, పాఠ్యపుస్తకం వదిలే హక్కు ఎవరికీ లేదు. ఉపవాచకం ఎంత బోరు కొట్టినా పరీక్ష ఉంది, చదవాల్సిందే. అది పని, అక్కడ లక్ష్మణకవి గారి పద్యం వర్తిస్తుంది. లైబ్రరీ పుస్తకం పని కాదు. ఫ్రాన్స్‌లో చాలాకాలం పంతులుగా పనిచేసిన డానియెల్ పెనాక్ అనే రచయిత 1992లో వచ్చిన తన పుస్తకంలో పాఠకుడికి పది హక్కులు ఇచ్చాడు. అందులో మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు, రెండోది పేజీలు దాటేసే హక్కు, మూడోది ముగించకుండా వదిలేసే హక్కు. పొరుగు దేశాల దాకా ఎందుకు, మన మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీని తీర్చిదిద్దిన రంగనాథన్ గారు కూడా ముందు లెక్కల పంతులే. ఆయన 1931లో అచ్చు వేసిన గ్రంథాలయ శాస్త్ర సూత్రాలు అయిదింటిలో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ఏడో తరగతి పాప కూడా పాఠకురాలే, ఆమెదీ సమయమే.

అందుకని హెడ్ మాస్టారి గారికి మా సంఘం తరఫున నాది ఒక్క మనవి. సారాంశం నియమం తీసేయండి. రాయాలనుకున్న పిల్లలు రాస్తారు, వాళ్ళవి నోటీసు బోర్డు మీద పెట్టండి. దాని బదులు రిజిస్టరులో తిరిగి ఇచ్చిన తేదీ పక్కన ఇంకో గడి గీయండి. "ఏ పేజీ దాకా?" అని. పన్నెండో పేజీ అంటే పన్నెండు. చివరిదాకా అంటే చివరిదాకా. ఎందుకు ఆపావని మాత్రం అడగొద్దు. అడిగితే పిల్లలు అబద్ధం చెబుతారు, మనమూ ఆ వయసులో అదే చేసేవాళ్ళం.

ఆ గడి పిల్లల మీద నిఘా కోసం కాదు, మా కోసం. ఏటా పుస్తకాలు కొనేది మేం. పదిమంది పిల్లలు ఒకే పుస్తకాన్ని పదిహేనో పేజీ దగ్గర ఆపారంటే అది పిల్లల లోపం కాదు, మేం తెల్ల పొడి కొన్నాం. మరుసటి ఏడు ఆ రకం కొనం. ఎవరో ఒక్క పిల్లవాడు ఎవరూ ముట్టని పుస్తకాన్ని చివరిదాకా చదివాడంటే, వాడికి ఇంకేం కావాలో కనుక్కుంటాం.

పెట్టెల్లో కొత్త పుస్తకాలతో పాటు మా నాన్న బీరువాలోవి కూడా ఉన్నాయి. కొన్నింటిలో మధ్య పేజీల్లో పెన్సిలు తేదీలు కనబడతాయి. లైబ్రరీ చూసే మేడమ్ గారు వాటిని రబ్బరుతో చెరిపేయనా అని అడిగారు. ఉండనివ్వండి అన్నాను. పెట్టెలు సోమవారం మొదటి పీరియడ్‌లో తెరుస్తారట. ఆరో తరగతి వాళ్ళకు ముందు అవకాశం ఇవ్వమన్నాను, పదో తరగతి వాళ్ళు కోప్పడకండి.